మా ఇంటి ఐర్లాండ్ కొట్లాట

నా నోరే నా బిడ్డ నౌకరిని మింగిందని మా కాలనీలో చెప్పుకుంటారు. నీళ్ల నల్లా దగ్గర చెప్పుకుంటారు, గోదావరిఖని చౌరస్తాలో కూరగాయలు బేరమాడుతూ చెప్పుకుంటారు, పెళ్లి భోజనాల్లో నా ఎదురు వరుసలో కూర్చుని నాకు వినబడేలాగే చెప్పుకుంటారు. వాళ్ల కథ ప్రకారం నేను మొగుణ్ణి మెడికల్ బోర్డుకు తీసుకుపోయి, అక్కడ ఆయన జబ్బు సంగతి వదిలేసి, పెద్ద డాక్టరుతో ఆటల మీద వాదనకు దిగాను. అది విని, నెలల తరబడి మాటలేని నా మొగుడు నోరు తెరిచాడు. డాక్టర్లు నవ్వుకుని, ఈయన పనికొస్తాడని రాసేశారు. బిడ్డకు రావలసిన నౌకరి గాలికి పోయింది. "ఆమె నోరు ఊకుంటదా?" అన్న మాటతో కథ ముగుస్తుంది.

ఇందులో జరగనిది ఎక్కువేమీ లేదు. వరుసే తప్పు. కథలో వరుస తప్పితే తప్పు ఒకరి మీది నుంచి ఇంకొకరి మీదికి జారుతుంది. అందుకని నా వరుసలో నేను చెప్తాను. ఇష్టమున్నవాళ్లు వినండి, లేనివాళ్లకు నల్లా ఉండనే ఉంది.

నా మొగుడు నాకు మేనబావ. నేను డిగ్రీ దాకా చదివాను, ఆయన ఇంటర్ తోనే ఆపి బాయిలోకి దిగాడు. బొగ్గుగనిని మేం బాయి అంటాం. ఏళ్లు గడిచాక ఆయన సర్దార్ అయ్యాడు. షిఫ్టు మొదలయ్యే ముందు అందరికన్నా ముందు లోపలికి పోయి, పైకప్పును కర్రతో తట్టి, చెవి పెట్టి వినడం సర్దార్ పని. కప్పు గట్టిదైతే కంచులా మోగుతుంది. లోపల వదులైతే డొల్లగా పలుకుతుంది. ఆ చప్పుడు విని "రండ్రి" అంటేనే మిగతావాళ్లు అడుగు పెడతారు. అలాంటి మనిషికి గోల్ఫ్ పిచ్చి పట్టడంలో వింతేముంది? అక్కడా ఒక కర్రే, ఒక చప్పుడే.

పిచ్చి పట్టించినవాడు ఐర్లాండ్ మనిషి. మా పెళ్లయిన కొత్తలో ఇక్కడి ఒక బాయికి పెద్ద యంత్రం వచ్చింది, బొగ్గు గోడను ఈ కొస నుంచి ఆ కొస దాకా చెక్కుకుంటూ పోయే యంత్రం. దాన్ని బిగించడానికి వచ్చిన విదేశీయుల్లో ఒక ఐర్లాండ్ ఇంజనీరు ఉండేవాడు. అతనికి తోడు వేసిన మనుషుల్లో మా బావ ఒకడు. డ్యూటీ అయ్యాక ఆ దొర గెస్ట్‌హౌస్ వెనక ఎర్రమట్టి మైదానంలో వంకర కర్రతో చిన్న తెల్ల బంతిని కొట్టేవాడు. మా బావ తుమ్మచెట్లలో వెతికి బంతులు తెచ్చిచ్చేవాడు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. అయినా సాయంత్రాలన్నీ మాట్లాడుకునేవారు.

పోతూ పోతూ ఆ దొర ఒక బంతినీ ఒక తగువునూ మా బావకు ఇచ్చిపోయాడు. వాళ్ల దేశంలో కల్లు దుకాణం లాంటి చోట కూర్చుని మగవాళ్లు తెగ కొట్లాడుకుంటారట. వాళ్ల గోల్ఫ్ వీరులు గొప్పా, పరుగు వీరులు గొప్పా అని. తరాలు మారుతున్నా తేలలేదట. ఆ దొర గోల్ఫ్ వైపు. కాబట్టి మా బావా గోల్ఫ్ వైపే. కాబట్టి నేను పరుగు వైపు.

అట్లా కాబట్టి అనేసరికి మీరు నవ్వుతారేమో. నాకు వేరే కారణం కూడా ఉంది. కాలేజీలో నేను ఎనిమిది వందల మీటర్లు పరిగెత్తేదాన్ని, బొగ్గుపొడి కలిసిన నల్లటి ట్రాక్ మీద. రెండో చుట్టు ఆఖరి మలుపులో గొంతు ఎండి, కాళ్లు ఎవరివో అయిపోయి, పక్క పిల్ల ఊపిరి మన చెవిలో వినబడుతుంది. ఆ మలుపు తెలిసినవాళ్లెవరూ నిలబడ్డ బంతికి ఓటు వేయరు.

పక్క ఇళ్లల్లో యూనియన్ల మీద కొట్లాడుకునేవారు, తోటికోడళ్ల మీద కొట్లాడుకునేవారు. మేం ఐర్లాండ్ మీద కొట్లాడుకునేవాళ్లం. ఆ దేశం పటంలో ఎక్కడుందో మొదట్లో నాకు తెలుసు, ఆయనకు తెలియదు. ఆ సంగతి ఆయనకు గుర్తు చేయడం నేనెప్పుడూ మరిచిపోలేదు.

"నిలబడ్డ బంతిని కొట్టుడు గూడ ఆటనేనా బావా? మా అవ్వ గూడ నిలబడ్డ గోడకే పిడకలు కొడతది. ఆమెకెవడన్న కప్పు ఇచ్చిండా?"

"ఉరుకుడు గూడ ఆటనేనానే? మన గల్లీల కుక్కలు ఉరుకుతలేవా?"

"ఆఖరి మలుపు దాక దమ్ము దాచుకునే కుక్కను చూపియ్యి, దండేస్త."

ఆ వీరుల పేర్లు మా నోళ్లలో తిరిగేవి కావు. అందుకని గోల్ఫ్ ఆయనకు కర్రాయన అని, పరుగు ఆమెకు ఉరుకులామె అని మా ఇంట్లో పేర్లు పెట్టుకున్నాం. కాలం గడిచేకొద్దీ వీరులు మారారు గాని ఆ రెండు పేర్లూ అట్లాగే ఉండిపోయాయి. మొదట పేపర్లలో వెతికేవాళ్లం, తర్వాత టీవీలో, ఆఖరికి ఫోన్లో. మా బిడ్డ పుట్టి, మాటలు నేర్చి, "మీరిద్దరు ఐర్లాండ్ మాట్లాడుకోండ్రి, నేను ఆడుకుంట" అనేంత అయింది.

ఎంత వెటకారమాడినా ఆ తగువులో నిజమైన వాదన ఉండేది. నేను అనేదాన్ని: "ఉరుకుడు లోకమంత ఉరుకుతది. చెప్పుల్లేని పిల్ల గూడ ఉరుకుతది. గోల్ఫ్ గడ్డి పెంచుకునే స్థోమత ఉన్నోళ్లదే. అందరున్న దాంట్ల గెలుసుడు గొప్పనా, కొందరున్న దాంట్లనా?" దీనికి మా బావ దగ్గర ఎప్పుడూ జవాబు ఉండేది కాదు. జవాబు లేనప్పుడు ఆయన అన్నం కలుపుతూ "కూరల ఉప్పెక్కువైంది" అనేవాడు. అది ఆయన ఓటమి ఒప్పుకునే పద్ధతి. నా కాపురంలో నేను గెలిచిన వాదనలన్నీ ఉప్పు రుచిలోనే ఉన్నాయి.

ఆయన గెలిచినవీ ఉన్నాయి. ఒకసారి నేనన్నాను: "పరుగుల ఒక్కనాడు ఒళ్లు మంచిగ లేకపోతే అయిపాయె. మళ్ల ఒలింపిక్స్ దాక కూసోవాలె, అంటే నాలుగేండ్లు, రెండు సమ్మక్క జాతర్ల ఎడం. మా ఉరుకులామె లోకమంత ఆమెదే అన్న రోజుల ఒళ్లు సహకరించక ఏడ్సుకుంట బయటికొచ్చింది. మళ్ల అన్ని రోజులాగి, మళ్లొచ్చి పతకం తీస్కపోయింది. నీ కర్రాయనకేంది? ఈ యేడు పోతె మళ్లొచ్చే యేడు. వయసు మీదవడ్డా ఆడుకోవచ్చు."

ఆయన కర్ర గోడకు ఆనించి, నిదానంగా అన్నాడు: "అందుకే కష్టం. ఉరికెటోడు ఓడిపోతె ఇంటికాడ కూసుంటడు. ఈయన ఏటేటా అదే గడ్డకు పోవాలె. పోయిన యేడు యాడ చెయ్యి వణికిందో గాడనే మళ్ల నిలబడాలె. లోకం చూస్తాంటె."

ఆ రోజు ఉప్పు సరిపోయిందని నేనే అన్నాను.

మిగతా పెద్ద పోటీలన్నీ గెలిచి, ఒక్కదాని గడప దగ్గర ఏళ్ల తరబడి తిరిగి తిరిగి వచ్చిన కర్రాయన, ఆఖరికి అదీ గెలిచాడు. మా బావ దాన్ని ఫోన్లో చూశాడు. బంతి గుంతలో పడగానే ఆ మనిషి గడ్డి మీద మోకాళ్లూని ముఖం దాచుకుని ఏడ్చాడు. మా బావ ఫోన్ నా ముఖం ముందు పెట్టి, "చూడు, చూడు. గిప్పుడు చెప్పు" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. నేను తగ్గుతానా? "గన్నేండ్లు ఆలస్యంగ వచ్చినందుకు మోకాళ్ల మీద పడాలంటె, మా మంథని బస్సు రోజు పడాలె" అన్నాను. ఆయన పడీ పడీ నవ్వాడు. జవాబు రేపు చెప్తానన్నాడు.

రేపు చెప్పలేదు. ఎల్లుండీ చెప్పలేదు, వాయిదాలు వేస్తూ నన్ను ఉడికించడం ఆయనకు సరదా. ఆ సరదా నడుస్తుండగానే ఒకనాడు పొద్దున ముఖం కడుక్కుంటూ నల్లా దగ్గర కూలిపోయాడు.

పక్షవాతం. కంపెనీ దవాఖాన నుంచి హైదరాబాద్ పంపారు. కాలు తిరిగి వచ్చింది. కుడిచేయి సగం వచ్చింది. మాట రాలేదు. "ఆ" అంటే అవును, "ఊహు" అంటే కాదు, అంతే. మాటలు లోపల ఉన్నాయో, పూర్తిగా పోయాయో చెప్పలేమని అక్కడి డాక్టరన్నాడు. చేతిలో ఏదైనా పెట్టి పిసకమనండి, మెల్లగా మాట్లాడించండి, కోపం మాత్రం తెప్పించకండి, ఎదురు చెప్పకండి, బీపీ పెరిగితే మళ్లీ ప్రమాదం అని చెప్పాడు.

ఎదురు చెప్పకుండా ఉండటం! నాకు!

ఉన్నాను. నమ్మేవాళ్లు లేరు గాని ఉన్నాను. ఆ దొర ఇచ్చిన తెల్ల బంతిని ఆయన కుడిచేతిలో పెట్టాను. అది పిసకడానికి లొంగేది కాదు, రాయిలా ఉంటుంది. అయినా రబ్బరు బంతి ఇస్తే పడేసేవాడు, ఇది మాత్రం వదిలేవాడు కాదు. పొద్దున్నే చాయ్ తాగిస్తూ చెప్పేదాన్ని: "నువ్వు చెప్పిందే నిజం బావా. కర్రాయనే గొప్ప. ఉరుకులామె ఆయన కాలిగోటికి గూడ రాదు." ఆయన గోడ వైపు చూసేవాడు. నేను ఇంకా ఒప్పుకునేదాన్ని. గోల్ఫ్ గొప్ప, గడ్డి గొప్ప, ఐర్లాండ్ గొప్ప. ఇన్నేళ్లు గెలుచుకున్న వాదనలన్నీ ఒక్కొక్కటే ఆయన ముందు పెట్టేశాను. ఒక్కదాన్నీ ముట్టుకోలేదు.

నా బిడ్డ ఒకరోజు గుమ్మంలో నిలబడి విని, "అమ్మా, నువ్వు ఒప్పుకుంటాంటె నాకు భయమైతాంది" అంది.

ఇప్పుడు బిడ్డ సంగతి. ఒక్కతే బిడ్డ. డిగ్రీ అయింది, పరీక్షలు రాసీ రాసీ విసిగి, చౌరస్తాలో ఫోన్ల దుకాణంలో కూర్చుంటుంది. కార్మికుడు జబ్బుతో ఏ పనికీ రాడని బోర్డు తేలిస్తే, ఆయనను ఇంటికి పంపి ఆ నౌకరి బిడ్డకిస్తారు. కింద బాయిలో పనికిరాడు గాని పైన కూర్చుని చేసే పని చేయగలడని తేలిస్తే ఆయనకే తేలిక పని ఇస్తారు, బిడ్డకేమీ రాదు. రిటైర్మెంటు దగ్గరపడ్డాక ఆ దారే మూసుకుపోతుంది. మాకు ఆ బోర్డే ఆఖరిది. మళ్లీ బోర్డు అనే మాట లేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి, కాలనీ కథలో లేనిది. జబ్బు పడకముందే ఒకసారి ఈ మాట ఇంట్లో వచ్చింది. ఆడపిల్లలను కూడా బాయిలకు తీసుకుంటున్నారని, రేపు నీకేమన్నా అయితే నౌకరి బిడ్డకే అని నేను నవ్వులకు అన్నాను. మా బావ నవ్వలేదు. "నేను కప్పును నమ్మి బతికిన. దాన్ని నమ్మి బిడ్డను ఇయ్య" అన్నాడు. బిడ్డ ఊరుకోలేదు. "దుకాణంల మంది ఫోన్లు తుడుసుకుంట కూసుంటె నీకు మంచిగనే ఉంటదా బాపూ?" అని అడిగింది. ఆయన కూరలో ఉప్పు సంగతి కూడా ఎత్తకుండా లేచిపోయాడు.

బోర్డుకు కొత్తగూడెంలో కంపెనీ పెద్ద దవాఖానకు పోవాలి. పక్క క్వార్టరు కాక తోడు వచ్చాడు. రిటైరైన ఫిట్టరు, ఎవరి బోర్డుకైనా తానే పెళ్లిపెద్దలా బయలుదేరతాడు. బస్సు పొడుగునా మా బావకు పాఠాలే.

"డాక్టరు లెవ్వమంటె జల్ది లెవ్వకు. గడియారం చూడకు. పేరు పిలిస్తె తల తిప్పకు. సమజైందా అల్లుడా?"

నాకు ఒళ్లు మండింది. "కాకా, నిజంగనే లేనోనికి నాటకం నేర్పుతానవా? ఇంట్ల చూస్తలెవ్వా?"

"నిజమని నీకెర్క, నాకెర్క. బోర్డుకెట్ల ఎరుకైతది బిడ్డా? నిజం గూడ మంచిగ చెయ్యకపోతె అబద్ధమోలె కనపడతది."

ఆ మాట అప్పుడు కొట్టిపారేశాను. దవాఖాన వరండాలో కూర్చున్నాక కాదనలేకపోయాను. అక్కడ ఒకాయన కుంటడం అలవాటు చేసుకుంటూ ఏ కాలు కుంటాలో మరిచిపోయాడు. ఆయన పెళ్లాం "కుడికాలు, కుడికాలు" అని గొణుగుతోంది. నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. జీవితమంతా వంగి నడిచిన మోకాలి నొప్పి ఎక్స్‌రేలో కనబడకపోతే ఆయన మాత్రం ఏం చేస్తాడు? నొప్పికి నటన తప్ప వేరే నోరు లేదు.

లోపలికి పిలిచారు. బల్ల వెనక ముగ్గురు డాక్టర్లు. నడుమ ఉన్న పెద్దాయన నెరిసిన జుట్టుతో, నెమ్మదైన మాటతో ఉన్నాడు. కాలు ఎత్తించారు, చేయి ఎత్తించారు. కుడిచేతి పిడికిలి తెరవమన్నారు. మా బావ తెరిచాడు. తెల్ల బంతి.

వస్తువులేమీ తీసుకుపోవద్దని కాక చెప్పాడు. కానీ ఆ బంతి లేకపోతే ఆ చేయి ఆగకుండా వణుకుతుంది. బంతి ఉంచింది ఆయన చేతి కోసం.

పెద్ద డాక్టరు ముఖం వెలిగింది. "ఇది గోల్ఫ్ బంతి కదా! ఎక్కడిదమ్మా?"

చెప్పాను. ఐర్లాండ్ దొర, ఎర్రమట్టి మైదానం, ఇంట్లో తగువు. ఎంత అడిగితే అంతే చెప్పాను. ఆయన కూడా సెలవుల్లో గోల్ఫ్ ఆడతాడట. "మరి మీవారు ఏ పక్షం?" అన్నాడు.

"గోల్ఫ్ పక్షం సార్. ఇప్పుడు ఏ పక్షమూ లేదు. మాటే లేదు."

"అసలు మాట్లాడరా? మీతో కూడా?"

ఇక్కడే కాలనీ కథకూ నా కథకూ దారులు వేరవుతాయి. నేను వాదనకు దిగలేదు. రుజువు చూపించబోయాను. నా మొగుడికి నోరు లేదని ఆ ముగ్గురికీ నమ్మకం కలిగించడానికి నా దగ్గర వేరే ఏముంది? కాక చెప్పినట్టు నిజాన్ని మంచిగా చేసి చూపించాలనుకున్నాను. ఏ మాటకైతే ఈ మనిషి నిద్రలో నుంచి లేచి అయినా ఎదురు తిరిగేవాడో, ఆ మాట అంటాను, ఆయన ఊరుకుంటాడు, అది చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది అనుకున్నాను. జబ్బు పడ్డాక ఇంట్లో ఆ మాట ఎన్నడూ అనలేదు. కోపం తెప్పించవద్దన్నారు కదా. అన్ని నెలలూ ఒప్పుకుంటూనే వచ్చాను. ఒప్పుకున్నవాళ్లకు ఎవరు జవాబు చెప్తారు? ఆ ఆలోచన అప్పుడు నాకు రాలేదు.

"చూడండి సార్" అని, మా బావ వైపు తిరిగాను. "బావా, నీ కర్రాయన ఉత్తోడు. నిలబడ్డ బంతిని కొట్టనీకి గన్నేండ్లు వట్టింది. మా ఉరుకులామె ముంగట వాడెంత?"

మా బావ గోడ వైపే చూస్తున్నాడు. నేను డాక్టరు వైపు తిరిగి, చూశారా అన్నట్టు చేతులు తిప్పబోయాను.

"ఉరికెటోనికి..."

ఆ గొంతు ఎవరిదో నాకు వెంటనే తెలియలేదు. బొంగురుగా, రాళ్ల మీద ఈడ్చినట్టు ఉంది.

"ఉరికెటోనికి పక్కపొంటి ఇంకోడుంటడు. గుంజుకపోతడు. గీ బంతి... నువ్వు కొట్టేదాక... ఊకుంటది. గదే భయం."

నెలల తర్వాత మాట. ముక్కలుగా అయినా మాట, అందులోనూ వాదన! నాకు ఆ క్షణంలో బోర్డు లేదు, నౌకరి లేదు, బిడ్డ కూడా లేదు. నా నోట్లో నుంచి మాట దానంతట అదే వచ్చింది: "భయపడెటోనికి పతకమెందుకు?"

"నీకు తెల్వది" అన్నాడు. నా వైపు చూసి అన్నాడు. కళ్లలో ఆయన ఉన్నాడు.

ఈ రెండో మాట అడిగినందుకే కాలనీ నన్ను తప్పుపడుతుంది. మొదటిది అనుకోకుండా జరిగిందే అనుకుందాం, రెండోది ఎందుకు పొడిగించినవ్ అంటారు. నేను వాళ్లను ఒకటే అడుగుతాను: బావిలో పడ్డ మనిషి ఒక్కసారి పైకి తేలితే మీరు చేయి వెనక్కి తీసుకుంటారా?

పెద్ద డాక్టరు బల్ల మీద చిన్నగా చప్పట్లు కొట్టాడు. "చాలా బాగా చెప్పారు" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అన్నాడు. పక్క డాక్టరు రాసుకోవడం మొదలుపెట్టాడు. కలం చప్పుడు వినబడ్డాకగాని నాకు నేనెక్కడ ఉన్నానో తెలియలేదు.

"సార్, ఇది ఇప్పుడే వచ్చింది. రోజూ లేదు. ఇంట్లో లేదు" అన్నాను. నా గొంతు నాకే అబద్ధంలా వినబడింది.

"మాట తిరిగి వచ్చిందమ్మా. సంతోషించాలి కదా" అన్నాడాయన.

ఆయనను తిట్టలేను. విన్నదే రాశాడు.

వరండాలో కాక నా ముఖం చూసి విషయం గ్రహించాడు. నేను చెప్పింది పూర్తిగా విని, టోపీ తీసి తొడ మీద కొట్టుకున్నాడు. "గంత దూరం తీస్కపోయి, నీ నోటితోని నువ్వే..." అని ఆపాడు. ఆ ఆపిన చోటు నుంచే కాలనీ కథ మొదలైంది.

బస్సులో మా బావను కదిపాను. "బావా, ఏం తెల్వది నాకు? చెప్పు." కిటికీ బయట చూశాడు. "కర్రాయన ఉత్తోడు" అన్నాను, చెవి దగ్గర. మామిడితోటలు పోతున్నాయి. ఆయన చూస్తూనే ఉన్నాడు.

ఇంటికి వచ్చాక బిడ్డ చెప్పులు కూడా విడవనీయలేదు. "బాపు మాట్లాడిండంటగా? ఏమన్నడు?"

చెప్పాను. ముక్కకు ముక్క చెప్పాను.

"గా మాటకా నా నౌకరి పోయింది?" అంది. ఆ తర్వాత తండ్రి ముందు కూర్చుని, ఆయన పిడికిలి తెరిచి, బంతి తీసి, మళ్లీ పెట్టింది. "నాతోటి గూడ ఒక్కటి మాట్లాడు బాపూ. తిట్టైనా సరే" అంది. ఆయన ఆమె తల మీద ఎడమచేయి పెట్టాడు. అంతే.

ఇప్పుడు ఆయనకు బాయి పైన దీపాల గదిలో పని. టోపీకి పెట్టుకునే దీపాలను ఒక్కొక్కరికీ అందించాలి. కిటికీలో నుంచి చేయి వస్తుంది, ఈయన దీపం పెడతాడు. ఒకప్పుడు ఈయన "రండ్రి" అంటే లోపలికి నడిచిన మనుషులే వాళ్లు. ఇప్పుడు ఒక్క మాట రాదు. కొందరు "బోర్డుల మాట్లాడిండంట, మనతోని మాట్లాడడు, పొగరు" అనుకుంటారు. రిటైర్మెంటు దగ్గరపడుతోంది. ఆ దారి మూసుకుపోయింది. నా బిడ్డ దుకాణం నుంచి వచ్చి అన్నం తిని పడుకుంటుంది. నాతో అవసరమైనంతే మాట్లాడుతుంది. తండ్రికి మాట రాదు, కూతురికి వచ్చినా నాకు దక్కదు. వాగేది నేనొక్కదాన్నే.

ఇప్పుడు డాక్టరు చెప్పింది పక్కన పెట్టేశాను. రోజూ తిడుతున్నాను. కర్రాయనను తిడతాను, ఆయన గడ్డిని తిడతాను, ఆ దొరను, వాళ్ల దేశాన్ని తిడతాను. గొంతు గోడ దాటి పోతుంది. కాక అరుగు మీద నుంచి, "నౌకరి తిన్నవ్, ఇగ మొగన్ని గూడ తింటవా బిడ్డా?" అంటాడు. కూరలో కావాలని ఉప్పు గుప్పిస్తున్నాను. నా బిడ్డ ఒక ముద్ద నోట్లో పెట్టి కంచం జరిపేస్తుంది. మా బావ ముఖం మార్చకుండా మొత్తం తిని చేయి కడుక్కుంటాడు. ఉప్పెక్కువైందని అనడు.

ఆయన బోర్డులో చెప్పిన మాటకు నా దగ్గర జవాబు దొరికింది. చాలా రోజులు వెతికితే దొరికింది. తుపాకి పేలేదాకా గీత మీద పరుగుమనిషి కూడా నిలబడే ఉంటుంది. పక్కన ఎవరున్నా ఆ కాస్సేపు ఒంటరిదే. అప్పుడు కర్రా ఆమే, బంతీ ఆమే. మరి ఎవరి భయం పెద్దది? దీనికి ఆయన దగ్గర జవాబు ఉండదు, నాకు తెలుసు. ఈ వాదన నేను గెలిచాను. ఆయన ఎదురుగా కూర్చుని ఈ మాట చెప్పాను, మళ్లీ చెప్పాను. కుడిచేయి బంతి చుట్టూ బిగుసుకుని ఉంది. అది విన్నందుకా, రోజూ ఉండే బిగువేనా, నాకు తెలియదు.

కర్రాయన గొప్పా, ఉరుకులామె గొప్పా అన్నది ఇక తేలకపోయినా నాకు ఫికర్ లేదు. ఆ దేశంవాళ్లే తేల్చుకోలేదు. నాకు తేలవలసింది వేరే. నేనన్న మాట గుచ్చుకుని ఆ మాటలు వాటంతట అవే బయటికి తన్నుకొచ్చాయా? ముగ్గురు డాక్టర్ల ముందు తాను పనికిరానివాడు కావడం సహించలేక వచ్చాయా? లేక, బిడ్డను కప్పు కింద నిలబెట్టకూడదని, లోపల ఎక్కడో మిగిలిన నాలుగు మాటలనూ కూడబెట్టి, అదను చూసి, నేనిచ్చిన సందులోనే కొట్టాడా? కప్పును తట్టి లోపల ఏముందో చెప్పగలిగిన మనిషి ఆయన. నేను ఆయనను ఎంత తట్టినా ఏ చప్పుడూ రావడం లేదు.

బావా, ఆ రోజు నువ్వు జవాబిచ్చింది నాకా, బోర్డుకా?